పిల్లల అడుగులకు తగిన ప్రయాణము

 

నేటి ధ్యానమునకు రెండు లేఖన భాగములు. ఒకటి మార్కు సువార్త 6వ అధ్యాయము 30 నుండి 46వ వచనము వరకు. రెండవది ఆదికాండము 33వ అధ్యాయము 12 నుండి 17వ వచనము వరకు. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి పెట్టుకొనండి. వంట చేస్తూ వింటున్న అక్కలూ చెల్లెళ్ళూ, మీరు పొయ్యి వదిలి రానక్కరలేదు. నేను చెబుతూ వెళ్తాను.

ఈ రోజు ఒక చిన్న ప్రయాణము గురించి మాట్లాడాలనుకొంటున్నాను. మిషనరీ ప్రయాణము కాదు. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ కలిసి అరకు లోయకు వెళ్ళి, ఒక రాత్రి ఉండి, మరుసటి రోజు తిరిగి రావడం. అంతే. "అయ్యగారు రేడియోలో అరకు గురించి ప్రసంగమా?" అని మీలో కొందరు నవ్వుకొంటూ ఉండవచ్చు. కాని ఈ చిన్న ప్రయాణమును నేను మూడుసార్లు మాట ఇచ్చి మూడుసార్లు తప్పాను. అందుకే దానిని దేవుని సన్నిధిలో పెట్టి మాట్లాడవలసి వచ్చింది.

మా ఊరు విశాఖపట్నానికి రెండు గంటల దూరం. విశాఖ నుండి అరకు రోడ్డు మీద నూట పదిహేను కిలోమీటర్ల వరకు ఉంటుంది. చెన్నై నుండి, హైదరాబాదు నుండి జనం వచ్చి చూసి వెళ్ళే చోటు మా గుమ్మం దగ్గర ఉన్నట్లే. అయినా మా అబ్బాయి ఎనిమిదవ తరగతికి వచ్చే వరకు చూడలేదు. కారణము ఒకటుంది. అరకుకు మంచి కాలం నవంబరు నుండి జనవరి వరకు. అప్పుడు కొండల మీద వలిసె పూలు పసుపు దుప్పటి పరచినట్లు పూస్తాయి, కాఫీ తోటలలో పండ్లు ఎర్రబడతాయి, పొద్దుటే మంచు దిగుతుంది. అదే కాలము సంఘ కాపరికి ఊపిరి తీసుకొనే తీరిక లేని కాలము. సెమీ క్రిస్మస్, క్యారల్స్, స్త్రీల క్రిస్మస్, యౌవనుల క్రిస్మస్, క్రిస్మస్ ఆరాధన, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, మరునాడు నూతన సంవత్సర ఆరాధన. అవి ముగిసి తల ఎత్తేసరికి సంక్రాంతి సెలవులు, అరకులో గదులు దొరకవు.

ఇది నేను నాకు నేనే చెప్పుకొన్న కారణము. అబద్ధము కాదు, నిజమూ మొత్తము కాదు. ఆ మూడుసార్లు ఏమి జరిగిందో చెబుతాను.

మొదటిసారి, బయలుదేరే ముందు రాత్రి మా సంఘములో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. బ్యాగులు సర్ది ఉన్నాయి. నేను వెళ్ళలేదు. ఈ రోజు అదే జరిగినా వెళ్ళను. ఆ కుటుంబము ఆ రాత్రి నా కొరకు ఎదురు చూసింది, నేను ఉండవలసిన చోటు అదే. నా పిల్లలు కూడ దానిని అర్థము చేసుకొన్నారు. మా అమ్మాయి సమాధి కార్యక్రమములో పాటలు పాడింది.

రెండవసారి, మందిర కమిటీ మీటింగు. ప్రహరీ గోడకు ఏ రంగు వేయాలన్నది చర్చ. అవును, నవ్వండి. నేను లేకపోతే గొడవ అవుతుందని ఉండిపోయాను. నేను ఉన్నా గొడవ అయ్యింది.

మూడవసారి, వేరే ఊరిలో ఉజ్జీవ కూటములు. రావలసిన ప్రసంగీకుడు రాలేనన్నారు. "అయ్యగారూ, మీరే ఆదుకోవాలి" అని ఫోను వచ్చింది. ఒక్క నిమిషము కూడ ఆలోచించకుండా సరే అన్నాను. అది దేవుని పిలుపు అని ఇంట్లో చెప్పాను. సహోదరులారా, ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆ ఊరి నడిబొడ్డున ఫ్లెక్సీ మీద నా ఫొటో ఉంటుందన్న సంతోషము కూడ ఆ "సరే"లో ఉంది. ఎంత పాలు అన్నది ప్రభువుకే తెలుసు. ఆ రోజు మా అబ్బాయి ఏమీ అనలేదు. తన బ్యాగు తనే విప్పి, అరకు కోసం కొన్న స్వెట్టరు తీసి, మడత పెట్టి బీరువాలో పెట్టేశాడు. ఏడ్చి ఉంటే ఓదార్చేవాడిని. వాడు ఏడవలేదు.

ఇప్పుడు మార్కు సువార్తకు రండి. ఈ భాగము నా ఆయుధము. ఎవరైనా "అయ్యగారూ, కొంచెం విశ్రాంతి తీసుకోండి" అంటే నేను ఈ భాగమే చెప్పేవాడిని. శిష్యులు పరిచర్య నుండి అలసి వచ్చారు. వచ్చేవారు, పోయేవారు ఎక్కువై భోజనము చేయుటకైనా వారికి తీరిక లేదు. ప్రభువు వారిని ఒంటరిగా ఒక అరణ్య ప్రదేశమునకు రమ్మని, కొంచెము అలసట తీర్చుకోమని పిలిచాడు. దోనె ఎక్కి వెళ్ళారు. కాని జనులు కాలినడకన పరుగెత్తి వారికంటె ముందే అక్కడికి చేరారు. ప్రభువు వారిని చూచి విసుగుకొనలేదు, కనికరపడ్డాడు. బోధించాడు. అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదు వేలమంది పురుషులకు భోజనము పెట్టాడు. "చూశారా, ప్రభువు సెలవు కూడ రద్దయింది, నాదెంత?" అనేవాడిని. వినేవారు తల ఊపేవారు.

కాని నేను ఆ కథను 44వ వచనము దగ్గర ఆపేసేవాడిని. సెమినరీలో చదువుకొన్నవాడిని, ఒక భాగము ఎక్కడ ముగుస్తుందో చూడకుండా ప్రసంగము చేయకూడదని మాకు నేర్పించారు. 45, 46 వచనములు చూడండి. భోజనము అయిన వెంటనే ప్రభువు ఏమి చేశాడు? శిష్యులను బలవంతముగా దోనె ఎక్కించి అద్దరికి పంపివేశాడు. జనసమూహమును తానే సాగనంపాడు. వారికి సెలవు చెప్పి, ప్రార్థన చేయుటకు కొండకు వెళ్ళాడు. జనము ఉన్నారు, ఇంకా ఉండడానికి సిద్ధముగా ఉన్నారు. యోహాను సువార్త 6వ అధ్యాయము 15వ వచనము ప్రకారము, ఆ సమయములోనే వారు ఆయనను పట్టుకొని రాజుగా చేయాలని చూస్తున్నారు. అంటే ఆయన పేరు మిక్కిలి గొప్పగా వినబడుతున్న వేళలోనే "ఇక వెళ్ళిరండి" అన్నాడు. ఆకలిగొన్నవారి కొరకు ఆయన విశ్రాంతి మానుకొన్నాడు, కిరీటము పట్టుకొని వచ్చినవారి కొరకు మానుకొనలేదు. సమాధి కార్యక్రమమునకు, ఫ్లెక్సీకి తేడా ప్రభువు దగ్గర అంత స్పష్టముగా ఉంది. నా దగ్గర రెంటికీ ఒకే పేరు ఉండేది: "పరిచర్య".

ఈ సంగతి నాకు అర్థమైన తరువాత, ఈ సంవత్సరము ప్రయాణమును మళ్ళీ తలపెట్టాను. క్రిస్మస్ పనులు మొదలుకాక ముందు, నవంబరు నడుమ, ఒక సోమవారము, మంగళవారము. పిల్లలకు ఒకటిన్నర రోజు బడి పోతుంది, పోనివ్వండి. రైలు రిజర్వేషను 2024 నవంబరు 1 నుండి అరవై రోజుల ముందే మొదలవుతుంది, అంతకు ముందు నూట ఇరవై రోజులు ఉండేది. కాబట్టి సెప్టెంబరులోనే కూర్చున్నాను.

కూర్చున్నది నేను ఒక్కడినే. అక్కడే రెండవ తప్పు.

నోటుపుస్తకము తీసి పథకము వ్రాశాను. తెల్లవారుజామున ఇంటి దగ్గర బయలుదేరి విశాఖలో ఉదయపు కిరండూల్ రైలు ఎక్కాలి. బొర్రా గుహల స్టేషనులో దిగాలి. గుహలు చూసి, జీపు మాట్లాడుకొని అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింటు, సాయంత్రము అరకులో గిరిజన మ్యూజియము, పద్మాపురం ఉద్యానవనము. రెండవ రోజు చాపరాయి, అక్కడ నుండి పాడేరు, వీలైతే లంబసింగి. చివర ఇంకొక సంగతి కూడ వ్రాశాను: ఆ రాత్రి అరకు ప్రాంతములో తెలిసిన సంఘములో ఒక చిన్న కూటము. ఎలాగూ వెళ్తున్నాము కదా, వాక్యము చెప్పినట్లూ ఉంటుంది, వసతీ కలిసి వస్తుంది అనుకొన్నాను.

నా భార్య పుస్తకము అందుకొని చదివింది. మెల్లగా అడిగింది: "ఏమండీ, ఇందులో మేము కూర్చునే చోటు ఎక్కడుంది?" తరువాత ఆ చివరి వరుస మీద వేలు పెట్టి, "ఇది ఉంటే మీరు వెళ్ళిరండి, మేము ఇంట్లోనే ఉంటాము" అంది. మా ఇంట్లో పాస్టరమ్మ గారు గొంతు పెంచరు. పెంచితే బాగుండునని ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది.

ఇంకొక సంగతి ఆ పుస్తకములో లేదు. మా అమ్మ. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. బొర్రా గుహలు చూడాలంటే మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాలి. అందుకని ఆ రెండు రోజులు తమ్ముడి ఇంట్లో దింపుదామని అనుకొన్నాను, అదీ ఆమెకు మంచిదే అనుకొన్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఆమె పప్పులో అన్నము కలుపుకొంటూ, "అలాగే నాయనా. ఆ రైలు సొరంగాలలో నుండి పోతుందని మీ నాన్న చెప్పేవారు" అంది. అంతే అంది.

ప్రియులారా, ఆ రాత్రి నాకు ఆదికాండము 33వ అధ్యాయము గుర్తుకు వచ్చింది. ఏశావు, యాకోబు ఇరవై ఏండ్ల తరువాత కలిశారు. ఏశావు వెంట నాలుగు వందల మంది మనుష్యులు. బలవంతులు, వేగముగా నడిచేవారు. పద, కలిసి పోదాము, నేను ముందు నడుస్తాను అంటాడు అన్న. యాకోబు ఏమన్నాడు? నా పిల్లలు లేతవారు, నా మందలో పాలిచ్చే గొర్రెలు, పశువులు ఉన్నాయి, ఒక్క రోజు తొందరపెట్టి తోలితే మంద చచ్చిపోతుంది, నీవు ముందు వెళ్ళు, నేను పిల్లలు నడవగలిగినంత మెల్లగా వస్తాను అన్నాడు.

దీనిలో ఒక చిక్కు ఉన్నది, దాచను. ఆ మాట చెప్పిన యాకోబు అన్న ఉన్న సేయీరుకు వెళ్ళలేదు, సుక్కోతుకు వెళ్ళి అక్కడ ఇల్లు కట్టుకొన్నాడు. కాబట్టి అది అన్నను వదిలించుకొనుటకు చెప్పిన సాకు అని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. కావచ్చు. యాకోబు సంగతి మనకు తెలిసినదే. కాని మాట మాత్రము నిజమైన మాట. మందను మేపినవాడు చెప్పిన మాట. తొందరగా తోలితే ఏమవుతుందో చూచినవాడు చెప్పిన మాట. ఆ రోజు ఆ బిడారులో ఎవరు ఎంత వేగముగా పోవాలో నిర్ణయించినది ముందు నడిచే నాయకుడు కాదు, వెనుక నడిచే పసివాడు.

నేను నా పుస్తకములో ఏశావు వ్రాసే పథకము వ్రాశాను. బలమున్నవాడు, అన్నీ చూడాలనుకొనేవాడు, ముందు నడిచేవాడు వ్రాసే పథకము.

కాబట్టి మరునాడు అందరినీ పిలిచి చాప వేసి కూర్చున్నాము. ఈసారి కలము మా అమ్మాయి చేతికి ఇచ్చాను. ఇంటర్ రెండవ సంవత్సరము చదువుతున్నది. వచ్చే ఏడు ఏ ఊరి హాస్టలులో ఉంటుందో తెలియదు. అయిదుగురము ఒక రైలు పెట్టెలో కూర్చొనే అవకాశము ఇక ఎన్నిసార్లు వస్తుందో లెక్క వేసుకొంటే గుండె బరువెక్కుతుంది. ఒక్కొక్కరు ఒక్కటే అడగాలి అన్నాను. మా అబ్బాయి అద్దాల పెట్టె అడిగాడు. 2017లో విశాఖ, అరకు మధ్య పెద్ద కిటికీలు, పైన అద్దాలు ఉన్న విస్టాడోమ్ పెట్టె మొదలుపెట్టారు, దాని సంగతి. టికెట్టు మామూలు పెట్టెకు ఎన్నో రెట్లు. అయిదుగురికి లెక్క వేస్తే మా జీతానికి కుదరదు. వాడితో కూర్చొని కాగితము మీద లెక్క వేసి చూపించాను. వాడే "మామూలు కిటికీ అయితే తల బయట... కాదు కాదు, చెయ్యి కూడా బయట పెట్టను డాడీ, కిటికీ పక్కన చాలు" అన్నాడు. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చొని ఖర్చు లెక్క చూచుకొంటాడని లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు చెప్పాడు. లెక్కను పిల్లలకు దాచి "కుదరదు" అని మాత్రమే చెప్పడం కంటె, లెక్కలో వారిని కూడ కూర్చోబెట్టడం మేలని ఆ రోజు తెలుసుకొన్నాను.

మా అమ్మాయి కాఫీ తోట అడిగింది. కాఫీ తాగడానికి కాదు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే ప్రాకిన మిరియాల తీగలు పుస్తకములో చదివిందట, చూడాలట. నా భార్య చాలాసేపు ఆలోచించి, "రెండు పూటలు నేను వండకూడదు, ఒక మధ్యాహ్నము ఎవరూ నన్ను లేపకూడదు" అన్నది. వ్రాసుకొన్నాము. మా అమ్మ ఏమీ వద్దన్నది. మా అమ్మాయే "నాయనమ్మ: సొరంగాలు" అని వ్రాసింది.

ఆ సొరంగాల గురించి ఒక మాట. ఆ దారిని 1960లలో బైలదిల్లా కొండల ఇనుప ఖనిజమును విశాఖ ఓడరేవుకు దించుటకు వేశారు. కొత్తవలస నుండి కిరండూల్ వరకు మొత్తము మార్గములో 58 సొరంగాలు ఉన్నాయి, వాటిలో అనేకము అరకుకు ముందున్న ఘాటులోనే వస్తాయి. అరకుకు కొంచెము ముందు శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. రైలు అంత ఎత్తుకు ఎక్కి, అక్కడ నుండి లోయలోకి దిగుతుంది. ఖనిజము కొరకు వేసిన దారిలో మా అమ్మ తన భర్త చెప్పిన మాటను చూచుటకు వెళ్తుంది.

చివరికి మా పథకములో మిగిలినవి ఇవి. రైలులో నేరుగా అరకు. ఒక చోటే గది, మెట్లు లేని కింది గది. మొదటి రోజు మధ్యాహ్నము నిద్ర. సాయంత్రము పద్మాపురం తోట. 1942లో, యుద్ధ కాలములో, సైనికులకు కూరగాయలు పండించుటకు మొదలుపెట్టిన తోట అది. అక్కడ బొమ్మ రైలు ఉన్నది, మా అమ్మ నడవనక్కరలేదు. రెండవ రోజు తిరుగు దారిలో అనంతగిరి దగ్గర కాఫీ తోట, ఆ తరువాత బస్సులో కిందికి. ఘాటు మలుపులలో మా అబ్బాయికి వాంతులు అవుతాయి గనుక అల్లం మురబ్బా, నాలుగు కవర్లు. బొర్రా గుహలు ఈసారి లేవు. చాపరాయి లేదు. లంబసింగి లేదు. కూటము లేదు. అక్కడ ఆదివాసి సంఘములు ఉన్నాయి, వారికి వారి కాపరులు ఉన్నారు. నేను ఒక రాత్రి ప్రసంగించకపోతే వారి విశ్వాసము తగ్గిపోదు.

ఒక్క సంగతి మాత్రము పిల్లలకు గట్టిగా చెప్పాను. ఆ లోయ మనకు చూడవలసిన చోటు, అక్కడివారికి అది ఇల్లు. 2022 ఏప్రిల్ నుండి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. పొలములో పని చేసుకొంటున్న ఆదివాసి తల్లిని అడగకుండా ఫొటో తీయవద్దు. మన ఇంటి ముందు ఎవరైనా బస్సు దిగి నాయనమ్మ ముగ్గు వేస్తుంటే ఫొటో తీసుకొని పోతే మనకెలా ఉంటుంది?

ఈ ప్రసంగమును రికార్డు చేస్తున్న నాటికి మేమింకా వెళ్ళలేదు. టికెట్లు ఉన్నాయి. రేపేమి జరుగునో మనకు తెలియదని, ప్రభువు చిత్తమైతే చేస్తామని చెప్పుకోవాలని యాకోబు పత్రిక 4వ అధ్యాయము మనకు నేర్పుతుంది. ఆ మాటను కూడ నేను తప్పుగా వాడాను. "ప్రభువు చిత్తమైతే వెళ్దాము" అని పిల్లలతో అంటూ, వెనుక తలుపు ఒకటి తెరిచి ఉంచుకొనేవాడిని. నా చిత్తము మారినప్పుడల్లా ప్రభువు చిత్తము మారిందని చెప్పేవాడిని. సంఘములో మరణము సంభవిస్తే మళ్ళీ ఆగవలసి వస్తుంది, అది పిల్లలకూ చెప్పాను. మిగతా వాటికి ఆగను.

నిన్న రాత్రి పరీక్ష వచ్చింది. ఫోను మోగింది. ఆ సోమవారము సాయంత్రమే, పెద్ద మందిరములో వార్షికోత్సవము. "అయ్యగారూ, మీ పేరు కరపత్రములో వేసేయమంటారా?" అన్నారు. ఆరోగ్యము బాగాలేదని చెప్పాలన్న ఆలోచన నాలుక చివరి వరకు వచ్చింది. కుటుంబముతో అరకు వెళ్తున్నానని చెప్పడం కంటె జ్వరమని చెప్పడమే సేవకునికి గౌరవముగా అనిపించింది, చూడండి మన సంగతి. చివరికి, "అయ్యా, క్షమించాలి. ఆ రోజు పిల్లలను, మా అమ్మను తీసుకొని అరకు వెళ్తున్నాను. మాట ఇచ్చాను" అన్నాను. అటువైపు కొంచెము సేపు మౌనము. "అరకా?" అన్నారాయన. "అవునయ్యా, అరకు" అన్నాను.

ఫోను పెట్టి తిరిగి చూస్తే మా అబ్బాయి గుమ్మములో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుండి వింటున్నాడో తెలియదు. లోపలికి వెళ్ళి బీరువాలో నుండి ఆ స్వెట్టరు తీసి వేసుకొని వచ్చాడు. మూడేండ్లలో పిల్లవాడు పెరిగిపోయాడు. చేతులు మణికట్టు దాటి పైకి వచ్చేశాయి, గుండీలు పట్టలేదు. నా భార్య చూసి, "బజారులో నేపాలీవాళ్ళు కొట్లు పెట్టే ఉంటారు, రేపు వెళ్ళి ఇంకొకటి తెండి" అన్నది. ఇది ముగిసిన తరువాత అక్కడికే వెళ్తున్నాను.

ప్రార్థించుకొందాము. పరలోకమందున్న మా తండ్రీ, అలసిన నీ శిష్యులను ఏకాంతమునకు పిలిచిన నీ కుమారుని బట్టి నీకు స్తోత్రము. ఇంటివారికి మాట ఇచ్చి తప్పిన మమ్మును క్షమించుము. గల్ఫు దేశములలో పని చేస్తూ బిడ్డలను ఫోనులోనే చూచుకొనే తండ్రులను, తల్లులను జ్ఞాపకము చేసికొనుము, వారు తిరిగి వచ్చే దినమును దగ్గర చేయుము. రోజు కూలి మానుకొని ఎక్కడికీ పోలేని కుటుంబములకు ఈ ఆదివారము సాయంత్రమైనా కలిసి కూర్చొనే ఒక పూట దయచేయుము. నడవలేని మా పెద్దలను వెనుక విడిచిపోకుండ మాకు జ్ఞానమిమ్ము. ఆ సోమవారము మేము రైలు ఎక్కునట్లు సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.